పందిరి కింద మంచం ఎందుకు తడవదు?

ఆరుబయట మంచం తెల్లారేసరికి తడిసిపోతుంది, పందిరి కింది మంచం పొడిగా ఉంటుంది. కాబట్టి మంచు ఆకాశం నుంచే పడుతుందని గోదావరి డెల్టాలో చాలామంది నమ్మకం. చూసింది నిజమే, కారణం వేరు. మబ్బులేని రాత్రి ఆరుబయట ఉన్న ప్రతి వస్తువూ తన వేడిని ఆకాశంలోకి వదిలేసి, చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడుతుంది. దాన్ని తాకిన గాలిలోని ఆవిరి అక్కడే నీరవుతుంది. పందిరి మాత్రం తన వేడిని కింది మంచానికి ఇస్తూ ఉంటుంది, అందుకే మంచం అంతగా చల్లబడదు. మబ్బు పట్టినా, గాలి వీచినా ఆరుబయట కూడా తడి తక్కువే.

ఇక్కడ ఆవిరికి కొదవలేదు. కాలువలు, చేపల చెరువులు, దాళ్వాకు, అంటే రబీ వరికి, నీరు పెట్టిన చేలు. మధ్యాహ్నం 28 డిగ్రీల వేడి, 60 శాతం తేమ ఉంటే ఘనపు మీటరు గాలిలో సుమారు 16 గ్రాముల ఆవిరి ఉంటుంది. ఆ గాలి 19 డిగ్రీలకు దిగితే చాలు, పొగమంచు మొదలవుతుంది. అంటే మంచు దట్టంగా ఉంటే చలి కూడా ఎక్కువేనన్నది సరికాదు. పైగా ఆవిరి నీరయ్యేటప్పుడు వేడి విడుదలవుతుంది, నేల వేడిని పొగమంచు కొంత ఆపుతుంది కూడా. ఏటిగట్టు మీద బండి నడిపేవారు మాత్రం హైబీమ్ వేయకండి. ఆ వెలుగు నీటి తుంపరల మీద పడి కళ్లలోకే తిరిగొస్తుంది.

అసలు నష్టం కళ్లాల్లో. పొద్దున్న ధాన్యం రాశిమీద కప్పిన బరకం (టార్పాలిన్) లోపలివైపు తడి కనిపిస్తే చిల్లు పడిందనుకుంటారు. చాలాసార్లు ఆ నీరు ధాన్యానిదే. రాశిలోంచి లేచిన వెచ్చటి ఆవిరి, చల్లబడిన బరకానికి తగిలి నీరై మళ్లీ గింజలమీదే కారుతుంది. రాశికీ బరకానికీ మధ్య గోనెసంచులో ఎండుగడ్డో పరిస్తే ఆ నీటిని పీల్చుకుంటాయి. నేల తడి ఎక్కకుండా రాశి కింద కూడా ఓ బరకం ఉండాలి.

ధాన్యాన్ని రెండంగుళాల మందానికి మించకుండా ఆరబోసి, గంటకోసారి తిరగేయాలి. పొద్దు వాలకముందే రాశి పోయాలి. ఆరిన గింజ రాత్రి మళ్లీ తేమ పీలిస్తే లోపల పగుళ్లు పడతాయి, మరలో నూక పెరుగుతుంది. అలాగని పచ్చి ధాన్యాన్ని రోజుల తరబడి కప్పి ఉంచితే వేడెక్కి రంగు మారుతుంది, మొలకెత్తే ప్రమాదమూ ఉంది. పొద్దున్న బరకాన్ని రాశిమీదే దులపకుండా, పక్కకు లాగి నీరు వంచేయండి. చుట్టూ గడ్డి మీద తడి ఆరాకే ధాన్యాన్ని పరవండి.