ఫ్యూజ్ మారిస్తే టీవీ వచ్చేస్తుందా? పవర్ సప్లై మీద అపోహలు – వాస్తవాలు

"అన్నా, ఫ్యూజ్ ఒకటే పోయింది, అది ఏసిస్తే చాలు." తిరుపతిలో టీవీలు బాగు చేసే నాకు వారానికి నాలుగైదు సార్లయినా వినిపించే మాట ఇది. మొన్న చంద్రగిరి నుంచి ఒక పిల్లోడు సెట్టు తెచ్చినాడు. వెనక మూత తీస్తే ఫ్యూజు చుట్టూ సిగరెట్ పెట్టెలోని తళతళ కాగితం. "ఎవురు చేసినార్రా ఇది?" అంటే "మా మామ" అన్నాడు. మామ స్విచ్ వేసేసరికి ఠప్పుమని, ఇంట్లో ఎంసీబీ పడిపోయిందంట.

అపోహ: ఫ్యూజ్ పోతే ఫ్యూజ్ మారిస్తే సరి. దొరక్కపోతే రాగి తీగ చుట్టినా నడుస్తుంది.

వాస్తవం: ఎస్‌ఎంపిఎస్‌లో, అంటే ఇప్పటి టీవీల్లో ఉండే స్విచింగ్ పవర్ సప్లైలో, ఫ్యూజ్ ఊరికే పోవడం చాలా తక్కువ. 230 వోల్టుల ఏసీ, దాన్ని డీసీగా మార్చే నాలుగు డయోడ్ల బ్రిడ్జి దాటి మెయిన్ కెపాసిటర్‌కు చేరేసరికి దాదాపు 325 వోల్టుల డీసీ అవుతుంది. మాస్‌ఫెట్ అనే స్విచింగ్ ట్రాన్సిస్టర్ దాన్ని సెకనుకు వేల సార్లు ఆన్, ఆఫ్ చేస్తా ట్రాన్స్‌ఫార్మర్‌కు అందిస్తుంది. ఆ మాస్‌ఫెట్టో, బ్రిడ్జిలో ఒక డయోడో, వోల్టేజ్ మితిమీరితే అడ్డుపడేందుకు ముందరుండే ఎంఓవీనో షార్ట్ అయినప్పుడే ఎక్కువగా ఫ్యూజ్ తెగేది. గాజు ఫ్యూజ్ అయితే చూపుకే కొంత తెలిసిపోతుంది. గాజు లోపల నల్లగానో, వెండి పూసినట్టో ఉంటే గట్టి షార్టే. గాజు తేటగా ఉండి తీగ మాత్రం తెగితే వయసైపోయి ఉండొచ్చు. అయినా మీటరు పెట్టకుండా నేను కొత్తది వేయను.

షార్టయిన మాస్‌ఫెట్ ఒక్కటే మార్చి స్విచ్ వేసేవాళ్లూ ఉన్నారు. అది పోతా పోతా తన సోర్సు కాలు దగ్గరుండే ఓమ్ కన్నా తక్కువ విలువ రెసిస్టర్‌నూ, గేటు రెసిస్టర్‌నూ, చాలాసార్లు కంట్రోలర్ ఐసీనీ తోడు తీసుకుపోతుంది. పని నేర్చుకునే రోజుల్లో నేను ఒకే సాయంత్రం మూడు మాస్‌ఫెట్లు కాల్చినాను. మా గురువు తిట్టలేదు. 100 వాట్ల ఫిలమెంట్ బల్బు ఒకటి, హోల్డరు ఒకటి చేతిలో పెట్టి "ఇది కలపకుండా స్విచ్ ముట్టుకోవద్దు" అన్నాడు.

అదే సీరీస్ ల్యాంప్. మెయిన్స్ లైనుకు వరుసలో బల్బు కలిపితే, బోర్డు పూర్తిగా షార్టయినా అర ఆంపియరుకు లోపలే కరెంటు పారుతుంది, ఏదీ పేలదు. బల్బు ఒక్కసారి మెరిసి మందగిస్తే కెపాసిటర్ ఛార్జ్ అయిందని అర్థం. నిండుగా వెలుగుతానే ఉంటే షార్ట్ ఇంకా ఉంది, ప్లగ్ తీసేయాల. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు. ఇంకోమాట, బల్బు బోర్డును కాపాడుతుందే గానీ, చెయ్యి పెడితే షాకు కొట్టకుండా ఆపదు.

తీగ చుట్టడం ఎంత ఖరీదో నాకు పూర్తిగా తెలిసింది ఒక వానాకాలంలో. ఒక వీధిలో న్యూట్రల్ తెగి, ఇళ్లకు 230 బదులు 400కు దగ్గరగా వచ్చేసింది. ఒక్కరోజే ఆరు సెట్లు వచ్చినాయి. ఒకామె ఏడుపు ఆపుకుంటా "ఇంకా కంతులు కట్టాల సామీ" అన్నది. చూస్తే ఐదింట్లో ఎంఓవీ షార్టయి ఫ్యూజ్ తెగింది, వెనక బోర్డు క్షేమం. ఆమెదీ అందులోదే, గంటలో పంపించినాను. ఆరోది ముందే ఎవరో తీగ చుట్టినది. 400 ఏసీ అంటే డీసీలో 565 దాకా పోతుంది, 450 వోల్టుల కెపాసిటర్ ఎట్లా ఓర్చుకుంటుంది? పేలింది. బోర్డు మీది రాగి ట్రాకులు అట్టకు అట్టే లేచిపోయినాయి. ఐదు సెట్లకు అయిన ఖర్చంతా కలిపినా దాని ఒక్కదాని బోర్డు ఖరీదు రాలేదు.

ఫ్యూజ్ మీద టి3.15ఏ 250వి అని ఉంటే అదే వేయాల. 'టి' అంటే ఆన్ చేసిన క్షణంలో వచ్చే ఉరుకు కరెంటుకు ఓర్చుకునే రకం. 10 ఆంపియర్లది వేస్తే తీగ చుట్టినంత పనే.

అపోహ: ప్లగ్ పీకేస్తే భయం లేదు.
వాస్తవం: ఇది ప్రాణం మీదికి వచ్చేది. నడిచే సప్లై తన ఛార్జును తానే ఖర్చు చేసుకుంటుంది. చచ్చిన సప్లైలో ఆ 325 వోల్టులు కెపాసిటర్‌లోనే కూర్చునుండొచ్చు. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయకండి. తీగ కాళ్లకు ఇన్సులేషన్ తొడిగిన 10 వాట్ల, 2.2 కిలో ఓమ్ రెసిస్టర్‌తో ఛార్జు దించి, మీటర్‌తో చూసుకున్నాకే చెయ్యి పెట్టండి.

అపోహ: ఉబ్బిన కెపాసిటరే చెడిపోయినట్టు.
వాస్తవం: పైన చదునుగా ఉండి లోపల ఎండిపోయినవి నా డబ్బాలో బోలెడున్నాయి. స్టాండ్‌బై లైటు వెలిగి ఆరతా, టిక్ టిక్ మంటా ఉంటే ముందు అవుట్‌పుట్ వైపు కెపాసిటర్ల ఈఎస్‌ఆర్ (లోపలి రెసిస్టెన్స్) చూడండి. 105 డిగ్రీల రకమే వేయండి.

అపోహ: మీటర్‌లో 12 వోల్టులు చూపిస్తే సప్లై మంచిదే.
వాస్తవం: లోడు లేనప్పుడు అందరూ పహిల్వాన్లే. టీవీ కరెంటు లాగేటప్పుడు కూడా ఆ 12 నిలవాల.

స్టెబిలైజర్ సంగతి కూడా అడుగుతారు. సెట్టు వెనక 100–240 అని రాసుంటే టీవీకి అది అక్కర్లేదు.

చంద్రగిరి సెట్టుకు ట్రాకు బదులు వైర్లు వేసి, బ్రిడ్జి, మాస్‌ఫెట్, రెసిస్టర్లు, ఐసీ మార్చి, సీరీస్ ల్యాంప్ మీద పెట్టినాను. మెరిసి మందగించింది. పిల్లోడు ఫోన్లో మామకు చెప్తా ఉంటే ఆ బల్బు తీసి జాగ్రత్తగా అట్టపెట్టెలో దాచుకున్నాను. 100 వాట్లవి నా దగ్గర ఇంక రెండే ఉన్నాయి. మీ ఇంటి అటక మీద పాతవి ఉంటే పారేయకండి, నాకిచ్చి పోండి.