హెపటైటిస్ బి యాంటీబాడీలు: ల్యాబ్‌లో వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

బెంగళూరులో మా ల్యాబ్‌కి ప్రాజెక్టు కోసం వచ్చే తెలుగు పిల్లలు హెపటైటిస్ బి వైరస్ ప్రోటీన్లని వెతకడానికి వాడే యాంటీబాడీల గురించి తరచూ అనే మాటలివి.

అపోహ: ఎలైజాలో (ప్లేట్‌లో యాంటీబాడీతో ప్రోటీన్‌ని పట్టే పరీక్ష) పనిచేసిన యాంటీబాడీ వెస్టర్న్ బ్లాట్‌లోనూ (ప్రోటీన్లని జెల్‌లో సైజుని బట్టి విడదీసి, పొర మీదికి ఎక్కించి యాంటీబాడీతో వెతికే పరీక్ష) పనిచేస్తుంది.

వాస్తవం: ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. వైరస్ పైపొర ప్రోటీన్ హెచ్‌బీఎస్ఏజీలో 124 నుంచి 147 వరకు ఉన్న అమైనో ఆమ్లాల ముక్కని ‘ఎ’ డిటర్మినెంట్ అంటాం. డైసల్ఫైడ్ బంధాలు దాన్ని ఒక మడతలో బిగించి ఉంచుతాయి. చాలా మోనోక్లోనల్స్ (ఒకే చోటుని పట్టే యాంటీబాడీలు) గుర్తుపట్టేది ఆ మడతనే. శాంపిల్లో డీటీటీ (ఆ బంధాలని తెంచే రసాయనం) వేసి 95 డిగ్రీల దగ్గర కాచామా, మడత కాస్తా విడిపోతుంది. బ్లాట్ ఖాళీగా వస్తుంది. పిల్లలు పాపం ట్రాన్స్‌ఫర్ (జెల్ నుంచి పొర మీదికి ఎక్కించడం) సరిగా కాలేదనుకుని రాత్రంతా మళ్లీ చేస్తారు. మడత విప్పిన ప్రోటీన్‌నీ పట్టే యాంటీబాడీ వేరే తెప్పించుకోవాలి, లేదా డీటీటీ లేకుండా జెల్ నడిపి చూడాలి. ఇక 145వ చోట గ్లైసిన్ పోయి ఆర్జినైన్ వచ్చిన మ్యూటెంట్ అయితే, కొన్ని యాంటీబాడీలు ఎలైజాలోనూ చేతులెత్తేస్తాయి.

అపోహ: 25 కిలోడాల్టన్ల (ప్రోటీన్ బరువు కొలత) దగ్గర బ్యాండ్ కనబడితే వైరస్ ప్రోటీన్ దొరికినట్టే.

వాస్తవం: మౌస్ లివర్ లైసేట్ (కణాలని పగలగొట్టి తీసిన ద్రవం) మీద మౌస్ యాంటీబాడీ వేశారా? అయితే ఆగండి. చిన్న సర్ఫేస్ ప్రోటీన్ (హెచ్‌బీఎస్ఏజీ) 24, 27 దగ్గర, కోర్ (వైరస్ లోపలి గూడు ప్రోటీన్) 21 దగ్గర వస్తాయి. మౌస్ ఐజీజీ (రక్తంలోని మామూలు యాంటీబాడీ) లైట్ చెయిన్, అంటే దాని చిన్న ముక్క, సరిగ్గా వాటి మధ్య, 25 దగ్గర తిష్ట వేస్తుంది. సెకండరీకి (మౌస్ యాంటీబాడీని పట్టి సిగ్నల్ ఇచ్చే రెండో యాంటీబాడీ) మీ యాంటీబాడీ, లివర్లో మిగిలిన రక్తంలోది రెండూ ఒకటే. కుందేలు ప్రైమరీకి (వైరస్ ప్రోటీన్‌ని పట్టే మొదటి యాంటీబాడీ) మారండి. వైరస్ లేని లివర్‌ని పక్క లేన్‌లో నడపని బ్లాట్‌ని నేనైతే చూడను కూడా.

అపోహ: కోర్ యాంటీబాడీకి సిగ్నల్ వస్తే అది కోరే.

వాస్తవం: హెచ్‌బీఈఏజీ అనే మరో వైరస్ ప్రోటీన్‌లో చాలా భాగం కోర్ సీక్వెన్సే. కణాల నుంచి బయటికి వచ్చేది కాబట్టి, మీడియాలో (కణాలు పెరిగే ద్రవం) కనబడింది అదే కావచ్చు.

అపోహ: డబ్బా హెబ్బాళ ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఐస్ కరిగింది, యాంటీబాడీ పోయినట్టే.

వాస్తవం: శుద్ధి చేసిన ఐజీజీ అంత సుకుమారం కాదు, కాసేపటి వెచ్చదనానికి సాధారణంగా పాడవదు. పదేపదే గడ్డకట్టించి కరిగించడమే దాన్ని చంపేది. వచ్చిన రోజే చిన్న ట్యూబుల్లోకి పంచి మైనస్ 20లో పెట్టండి. హెచ్‌ఆర్‌పీ (సిగ్నల్ ఇచ్చే ఎంజైమ్) తగిలించిన యాంటీబాడీని మాత్రం అలా గడ్డకట్టించకండి. అందులో పాడవకుండా ఉంటుందని సోడియం ఎజైడ్ కూడా కలపొద్దు, ఎంజైమ్ ఆగిపోతుంది.