సొట్ట లేస్తుంది, గీత లేవదు

అమెరికాలో కొత్త షాట్‌గన్ కొన్నవాళ్లలో చాలామందికి ఒక దిగులు ఎదురవుతుంది. డబ్బు పోసి తెప్పించుకున్న తుపాకీ పెట్టెలోంచి తీయగానే కొయ్య పిడి మీద గోరంత సొట్ట, గొట్టం మీద వెంట్రుకలాంటి గీత కనబడతాయి. అక్కడ డీలర్ దగ్గర తుపాకీ కొనేవాళ్లు నింపాల్సిన 4473 నంబరు ప్రభుత్వ ఫారం నింపి తుపాకీ తీసుకున్నారంటే, బజారు లెక్కలో అది ఇక వాడిన సరుకే. అందుకే అనుభవమున్నవాళ్లు ముందు తూటా లేదని చూసుకుని, సంతకానికి ముందే దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి తిప్పి తిప్పి చూస్తారు. ట్యూబ్‌లైటు దాచిన గీతను ఏటవాలు వెలుతురు పట్టిస్తుంది. లోపముంటే ఫోటో తీసి వెనక్కి పంపడమే మేలు. సొంత వైద్యం మొదలుపెట్టాక వారంటీ అడగడం కష్టం.

ఇంటికొచ్చాక కనబడిన మచ్చలకు మాత్రం కాస్త విజ్ఞానం కావాలి. ముందు కొయ్య సంగతి చూద్దాం, నాకు అదే ఇష్టం కాబట్టి.

మంచి షాట్‌గన్ పిడి వాల్‌నట్ కలపతో చేస్తారు. మనం అక్రోటు పప్పు తినే చెట్టు కుటుంబమే అది. కలపను భూతద్దంతో చూస్తే సన్నని గొట్టాలను కట్టగట్టినట్టు ఉంటుంది. గట్టి దెబ్బ తగిలినప్పుడు ఆ గొట్టాలు నలిగి కూలతాయి. నలిగాయే కానీ తెగలేదు, పదార్థం ఎక్కడికీ పోలేదు. ఆవిరి తగిలితే వాటి గోడలు నీరు పీల్చి మెత్తబడి, ఉబ్బి, దాదాపు పాత ఆకారానికి వస్తాయి. నూలుగుడ్డను తడిపి పిండి, సొట్ట మీద పరిచి, వేడి ఇస్త్రీ పెట్టె మొనతో రెండు మూడు క్షణాలు అదిమితే చుయ్‌మని ఆవిరి లేస్తుంది. గుడ్డ తీసి చూడండి. సొట్ట లోతు తగ్గి, అంచులు కరిగినట్టు కనబడతాయి. ఇంకో రెండుసార్లు చేస్తే వేలికి తగలనంతగా లేస్తుంది. రాత్రంతా ఆరనిచ్చి, లేచిన నూగును సన్న ఉప్పు కాగితంతో తీసి నూనె పట్టిస్తే సరి. గీత అలా కాదు. అక్కడ పోగులు తెగిపోయాయి, తెగినదాన్ని ఏ ఆవిరీ అతికించలేదు. చుట్టూ ఉన్న కొయ్యను గీత మట్టానికి దించాల్సిందే. పిడి మీద పాలీయురెథేన్ పూత ఉంటే ఆవిరి లోపలికి సరిగా దిగదు, పైగా పూత తెల్లబారుతుంది. పూత ఏదో తెలియకుండా ఇస్త్రీ పెట్టె ముట్టుకోకండి.

కొందరు మరో ఫిర్యాదు చేస్తారు. కొయ్య, లోహం కలిసే చోట కొయ్య కాస్త పైకి ఉందంటారు. అది చాలాసార్లు లోపం కాదు, వడ్రంగి ముందుచూపు. గాలిలో తేమ మారినప్పుడు కలప పొడవునా కదిలేది నామమాత్రం, అడ్డంగా మాత్రం బాగానే కుంచించుకుంటుంది. రేపు ఎండినా, మళ్లీ నునుపు పెట్టాల్సివచ్చినా లోహం కంటే లోతుకు పోకూడదని ఆ కొద్దిపాటి ఎత్తు వదిలేస్తారు.

పిడికి పట్టించేది తరచూ అవిసె నూనె. అది నీరులా ఆవిరైపోయి ఆరదు. గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి గట్టి పొరగా మారుతుంది. కొత్త ఇనుప పెనానికి నూనె కాల్చి దోశలకు పదును చేయడంలోనూ దాదాపు ఇదే జరుగుతుంది, వేడి మీద కాబట్టి త్వరగా జరుగుతుంది. ఈ చర్యలో వేడి పుడుతుంది కాబట్టి నూనె తుడిచిన గుడ్డలను కుప్పగా పడేస్తే వాటంతట అవే అంటుకోవచ్చు. విడివిడిగా ఆరుబయట పరిచి ఆరనివ్వాలి.

ఇక గొట్టం నలుపు. దాన్ని తెచ్చే బ్లూయింగ్ అనేది రంగు కాదు, మచ్చిక చేసిన తుప్పు. ఎర్ర తుప్పు ఇనుమును పొరలు పొరలుగా తింటుంది. బ్లూయింగ్‌లో పుట్టే మాగ్నటైట్ అనే నల్లని ఇనుప ఆక్సైడ్ మాత్రం ఉక్కును అంటిపెట్టుకుని ఉంటుంది. కాస్టిక్ సోడా, నైట్రేటు కలిపిన ద్రావణాన్ని సుమారు 140 డిగ్రీల దగ్గర మరిగించి అందులో ఉక్కును ముంచుతారు. మెత్తని టంకంతో అతికిన జంట గొట్టాల తుపాకీలకు ఈ పద్ధతి పనికిరాదు. గొట్టాలను కలిపే టంకాన్ని ఆ ద్రావణం తినేస్తుంది. వాటికి నెమ్మదిగా తుప్పు పట్టించి, నీళ్లలో ఉడికించి, రుద్ది, మళ్లీ మళ్లీ అదే చేస్తారు. పేల్చే యంత్రాంగం ఇమిడి ఉండే మధ్య భాగం, అంటే రిసీవర్, అల్యూమినియందైతే కాస్టిక్‌లో కరిగిపోతుంది కాబట్టి దానికి వేరే పూత వేస్తారు. అందుకే గొట్టం ఒక నలుపు, రిసీవర్ మరో నలుపు. సిలికాన్ ఎక్కువున్న పోత ఉక్కు రేగుపండు ఛాయకు తిరుగుతుంది. ఇవేవీ రుద్దితే పోయేవి కావు.

ఈ పొర మందం మిల్లీమీటరులో వెయ్యో వంతు స్థాయి. కాబట్టి మెరుగు పెట్టినప్పుడు మిగిలిన గీతలను దాచలేదు. తుప్పుచుక్క కనబడగానే వెనిగర్ పూసేవాళ్లుంటారు. వెనిగర్ ఎర్ర తుప్పుతో పాటు నల్ల పొరనూ కరిగించి తెల్లని ఉక్కు మచ్చను మిగులుస్తుంది. చుక్క మీద నూనె వేసి, మెత్తని సన్న స్టీల్ ఊలుతో ఆగి ఆగి రుద్దడం నయం. సీసాలో దొరికే, వేడి చేయకుండా పూసే ‘కోల్డ్ బ్లూ’ చిన్న గీతలకు సరిపోతుంది. కానీ అందులో పనిచేసేది సాధారణంగా సెలీనియం, రాగి లవణాలు. కాబట్టి రంగు పూర్తిగా కలవదు, త్వరగా అరుగుతుంది. సెలీనియం విషం, చేతి తొడుగులు తప్పనిసరి. నిజానికి తుప్పును ఆపేది నలుపు కంటే దాని మీది పల్చని నూనె పొరే. చెమటలోని ఉప్పు దాన్ని దాటిందంటే వేలిముద్ర ఎర్రగా తేలుతుంది.

గొట్టం అడుగున కిరీటాలు, అక్షరాలు గుద్ది ఉంటే గీతలనుకుని అరగదీయకండి. బర్మింగ్‌హామ్‌లోనో ఇటలీలోని గార్దోనేలోనో గొట్టం బలాన్ని పరీక్షించే శాల వేసిన ముద్రలు కావచ్చు.

గొట్టం మీది సొట్టను మాత్రం అందం లెక్కలో వేయకూడదు. యూరప్ ప్రమాణాల్లో మామూలు పన్నెండు బోరు (గొట్టం కొలత) తూటాకు అనుమతించిన ఒత్తిడి 740 బార్లు, కారు టైరులో ఉండేదానికి మూడు వందల రెట్ల పైమాట. ముందుకు పోయేకొద్దీ ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి గోడను పలుచన చేస్తారు, కొన్నిటిలో మిల్లీమీటరు కన్నా తక్కువకు. సొట్ట తేలిగ్గా పడేది అక్కడే. తుపాకీ విప్పి, ఊడదీసిన గొట్టంలోంచి కిటికీ అంచు వైపు చూడండి. లోపలి నునుపు మీద అంచు నీడ తిన్నగా సాగాలి. అది ఎక్కడైనా వంకర తిరిగితే తుపాకీ పేల్చకుండా గన్‌స్మిత్ (తుపాకీలు బాగుచేసేవాడు) దగ్గరికి పంపాలి. లోపల సరైన కొలత ఇత్తడి కడ్డీని ఆనించి బయట సుత్తితో తడుతూ లేపడం అతని పని. ఇస్త్రీ పెట్టెతో అయ్యేది కాదు.