ముసురు రోజున నల్ల పెయింట్ ఎందుకు తెల్లబడుతుంది?

కావలి నుంచి ఒక కుర్రాడు ఫొటో పంపాడు. ఎనిమిది అంగుళాల స్పీకర్ కోసం ఎండీఎఫ్‌తో, అంటే చెక్కపీచును జిగురుతో అదిమి చేసే పలకతో, సొంతంగా బాక్స్ చేసుకున్నాడు. కోతలు శుభ్రంగా ఉన్నాయి, మూలలు సందు లేకుండా కలిశాయి. ఇక రంగే మిగిలిందని మెరిసే నల్ల స్ప్రే కొట్టాడు. అరగంట తిరిగేసరికి పైపలకంతా విభూతి రాసినట్టు తెల్లటి మసక. డబ్బా నకిలీదా, తను కొట్టడంలో తేడా ఉందా అని అడుగుతున్నాడు. వాళ్ల అవ్వ మాత్రం వచ్చినవాళ్ల కళ్లు పడ్డాయని, దిష్టి తీసి నిమ్మకాయ కట్టమని చెప్పిందట.

ఫొటో తీసింది నవంబరులో, వాయుగుండం పట్టి ముసురు వదలని వారంలో. సమాధానం అక్కడే ఉంది. నాకు ఇంత ఇష్టమైన ఫిజిక్స్ ఒక స్పీకర్ బాక్స్ మీద ఇంత స్పష్టంగా కనబడటం చూసి, రెండు ముక్కల్లో జవాబు రాసి వదిలేయాలనిపించలేదు. బాక్స్ ఎన్ని లీటర్లు ఉండాలి, పోర్టు, అంటే బాక్స్‌లోంచి గాలి వచ్చిపోయే గొట్టం, ఎంత పొడవు అన్నవి ఇక్కడ ఎత్తుకోను, వాటికి లెక్కలు ఎక్కడైనా దొరుకుతాయి.

ముందు ఆ తెలుపు సంగతి. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ మన ప్రకాశం జిల్లాలో తెలియనివాళ్లు ఉండరు. పాలిష్ పట్టిన పలకలో ముఖం చూసుకోవచ్చు, లోపల బంగారు చుక్కలు మెరుస్తుంటాయి. అదే రాయిని కోసి పాలిష్ పట్టకుండా పెడితే బూడిద రంగులో పేలవంగా ఉంటుంది. దాని మీద చెంబుడు నీళ్లు పోయండి, పోసిన మేరకు నల్లబడుతుంది, ఆరగానే మళ్లీ బూడిద. రాయి మారలేదు, రంగూ మారలేదు. గరుకు ముఖం మీద పడ్డ వెలుతురు అన్ని వైపులకూ చెదిరిపోతుంది, అందులో కొంత మన కంట్లో పడి నలుపు మీద తెలుపు కలిసినట్టు కనిపిస్తుంది. నీళ్లు ఆ గుంటల్ని నింపితే చెదరడం తగ్గి, లోపలి అసలు నలుపు బయటపడుతుంది. పాలిష్ చేసే పని కూడా అదే, కాకపోతే శాశ్వతంగా.

ఆ కుర్రాడి బాక్స్ మీద ఉన్న తెలుపు కూడా ఇలాంటి చెదిరిన వెలుతురే. పెయింట్ పొరలో కంటికి కనబడనంత చిన్న గుంటలు, బుడగలు పడ్డాయి. అవి పడటానికి కారణం నీళ్లు, ఆ నీళ్లు వచ్చింది గాలిలోంచి.

స్ప్రే డబ్బాలో రంగుపొడి, దాన్ని పట్టి ఉంచే రెజిన్, రెజిన్‌ను కరిగించే థిన్నర్, వీటన్నిటినీ బయటికి తోసే గ్యాస్ ఉంటాయి. గ్యాస్ ఎక్కువగా ఎల్పీజీయే, కొన్నిటిలో డైమిథైల్ ఈథర్. ఇది మైనస్ 25 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కాబట్టి డబ్బా ముక్కులోంచి బయటపడగానే ఆవిరైపోతూ తుంపరల్ని చల్లబరుస్తుంది. తర్వాత చెక్క మీద పడిన థిన్నర్ ఆరుతూ ఇంకా వేడి లాగేస్తుంది. ఒక్క గ్రాము అసిటోన్ ఆవిరి కావడానికి సుమారు 500 జౌళ్ల వేడి కావాలి. చదరపు మీటరు చెక్క మీద 40 గ్రాముల అసిటోన్ ఆరిందనుకోండి, 20 వేల జౌళ్లు. ఆ చెక్కలో పైన ఒక్క మిల్లీమీటరు మందం తీసుకుంటే దాని బరువు ముప్పావు కిలో. వేడంతా దాంట్లోంచే పోతే అది పది డిగ్రీలకు పైగా చల్లబడాలి. నిజానికి చుట్టూ ఉన్న గాలి, కింది చెక్క కొంత వేడి అందిస్తాయి కాబట్టి అంత పడిపోదు. కానీ ఎండీఎఫ్ వేడిని త్వరగా పోనివ్వదు, అడుగు నుంచి సాయం నెమ్మదిగా వస్తుంది, పైముఖం కొన్ని డిగ్రీలు చల్లబడటం మాత్రం ఖాయం.

ఇక మన గాలి సంగతి చూడండి. ముసురు రోజున నెల్లూరులో 28 డిగ్రీల వేడి, 90 శాతం తేమ ఉందనుకుంటే, ఆ గాలిలోని ఆవిరి నీటిబొట్లుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత, అంటే తుషార స్థానం, 26 డిగ్రీలు. మధ్యలో ఉన్నది రెండే రెండు డిగ్రీలు! చెక్క ముఖం ఆ రెండు డిగ్రీలు దాటి చల్లబడితే చాలు, తడి పెయింట్ మీద మంచు కురిసినట్టే. అదే మే నెలలో పడమటి గాలి కొట్టేటప్పుడు 40 డిగ్రీల వేడి, 25 శాతం తేమ ఉంటే తుషార స్థానం 16 డిగ్రీలు. మధ్యలో 24 డిగ్రీలు ఉన్నాయి, పెయింట్ మామూలుగా అక్కడిదాకా చల్లబడదు. అదే డబ్బా, అదే చెయ్యి, అదే చెక్క. తేడా అంతా గాలిదే, అవ్వ చెప్పిన కంటిది కాదు. పాపం ఆమె చూసింది మాత్రం నిజమే, నల్లటి వస్తువు కళ్లముందే తెల్లబడింది. కారణం తెలియని చోట దిష్టి వచ్చి కూర్చుంటుంది, అందుకే పిల్లలకు కారణం చెప్పాలి, పెద్దలకూ చెప్పాలి.

తడి పొరలో చేరిన నీటిబొట్లు రెజిన్‌ను కరగనివ్వవు, అది అక్కడక్కడ విరిగి ముద్దకడుతుంది. చివరికి నీళ్లూ ఆరిపోతాయి గానీ అవి ఉన్న చోటు గుల్లగా మిగులుతుంది. పాలిష్ పట్టని చీమకుర్తి రాయి పెయింట్ లోపలే తయారైందన్నమాట.

తుషార స్థానానికి నిర్వచనం మనం బడిలో బట్టీ పట్టాం, మార్కులూ తెచ్చుకున్నాం. దాన్ని కొలిచి చూపించిన మాస్టార్లు ఎంతమంది? పలచటి స్టీలు గ్లాసులో నీళ్లు పోసి థర్మామీటరు పెట్టండి. చిన్న ఐసు ముక్క వేసి కలపండి, కరిగాక ఇంకోటి. గ్లాసు బయటివైపు మెరుపు పోయి మసక పట్టిన క్షణాన థర్మామీటరు చూపించేదే ఆ పూట తుషార స్థానం. అది గది వేడికి నాలుగైదు డిగ్రీల దగ్గర్లో ఉంటే ఆ రోజు స్ప్రే ముట్టుకోకండి. గ్లాసు లేకపోతే చేతిలోని డబ్బానే చూడండి. గ్యాస్ లోపల మరుగుతూ ఉంటుంది కాబట్టి కొడుతున్నకొద్దీ డబ్బా చల్లబడుతుంది. దాని ఒళ్లంతా చెమట పట్టి బొట్లు కారుతుంటే అది మీకు హెచ్చరిక, పైగా ఆ బొట్లు బాక్స్ మీద పడితే అదింకో తంటా.

ఏ పెయింట్ ఎంచుకోవాలన్నది ఇప్పుడు తేలిక. త్వరగా ఆరేవి, అంటే మనవాళ్లు డ్యూకో అని పిలిచే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) రకం, యాక్రిలిక్ లాకర్ స్ప్రేలు, తెల్లబడే ప్రమాదం ఎక్కువ ఉన్నవి. కానీ వాటికో మంచి గుణం ఉంది, ఆరాక కూడా థిన్నర్ తగిలితే మళ్లీ కరుగుతాయి. కాబట్టి ఆ కుర్రాడు బాక్స్ పారేయనక్కర్లేదు, గీకనక్కర్లేదు. పొడిగా ఎండ కాసిన రోజు పది గంటలప్పుడు బాక్స్‌ను కాసేపు ఎండలో పెట్టి గోరువెచ్చగా అయ్యాక, నీడలోకి తెచ్చి అదే పెయింట్ పలచగా ఒక పొర కొడితే పాత పొర కరిగి గుల్లలు మూసుకుని చాలాసార్లు నలుపు తిరిగి వస్తుంది. స్ప్రే గన్నుతో కొట్టేవాళ్లయితే 171 డిగ్రీల దగ్గర మరిగే బ్యుటైల్ సెలోసాల్వ్ లాంటి నెమ్మది థిన్నర్ కొంచెం కలుపుతారు, షాపులో రిటార్డర్ అని అడిగితే ఇస్తారు. సింథటిక్ ఎనామెల్ నెమ్మదిగా ఆరుతుంది కాబట్టి ఇంతగా తెల్లబడదు, కానీ అది ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడే రకం, మళ్లీ కరగదు. దాని మీద లాకర్ కొడితే ఉబ్బి ముడతలు పడుతుంది. రెండు డబ్బాలు కలిపి కొట్టే పీయూ (పాలీయురిథేన్) ఫినిష్ అద్భుతంగా ఉంటుంది, అయితే అందులోని ఐసోసయనేట్ అనే రసాయనం తేమతో కలిసి కార్బన్ డయాక్సైడ్ బుడగలు పుట్టిస్తుంది, పైగా ఊపిరితిత్తులకు చాలా ప్రమాదం. గుడ్డ కట్టుకుని ఇంట్లో కొట్టే పని కాదు, ఆ పని తెలిసిన షాపులో చేయించండి.

మరి ఎండాకాలం మిట్టమధ్యాహ్నం కొట్టొచ్చా అంటే అదీ వద్దు. తుంపర చెక్కను చేరేలోపే ఆరిపోయి ఇసుక చల్లినట్టు గరుకవుతుంది.

మెరుపు లేని మ్యాట్ కావాలా, మెరిసే గ్లాసీ కావాలా అన్నదీ చీమకుర్తి రాయి ప్రశ్నే. మ్యాట్ పెయింట్‌లో సన్నటి సిలికా పొడి కావాలనే కలుపుతారు, ఆరాక ముఖం గరుకై వెలుతురు చెదురుతుంది. చేతి జిడ్డు అంటిన చోట గుంటలు నిండి నల్లగా మెరుస్తుంది, రాయి మీద నీళ్లు పోసినట్టే. అందుకే రోజూ చెయ్యి తగిలే బాక్స్‌కు మ్యాట్ కన్నా గరుకు టెక్స్చర్ ఫినిష్ మేలు, అది లప్పం తప్పుల్ని కూడా దాస్తుంది. మెరిసే గ్లాసీ నలుపైతే ఏదీ దాచదు. ముఖ్యంగా ఎండీఎఫ్ కోత అంచులు పెయింట్‌ను దూదిలా తాగేస్తాయి, అక్కడ రంధ్రాలు పూడ్చే సాండింగ్ సీలర్ వేసి, ఆరాక ఉప్పు కాగితంతో రుద్ది, మళ్లీ సీలర్ వేయకపోతే పలక మెరుస్తుంది, అంచు మాత్రం చచ్చినట్టు పడి ఉంటుంది.

ఫలానా పెయింట్‌తో పాటలో బేస్ మోత పెరుగుతుందని సౌండ్ షాపుల్లో చెబుతుంటారు, నమ్మకండి. 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ చదరపు మీటరుకు 13 కిలోల పైన తూగుతుంది. మిల్లీమీటరులో పదో వంతు మందం పెయింట్ 120 గ్రాములు, అంటే ఒక శాతం కూడా కాదు. అదే స్పీకర్ కోన్ మీద పడితే కథ వేరు. కదిలే భాగమంతా కలిపి పాతిక గ్రాములుండే చోట రెండు గ్రాముల పెయింట్ కూడా బరువే, థిన్నరేమో అంచు ఫోమ్‌ను తినేస్తుంది. స్పీకర్ విప్పకుండా స్ప్రే కొట్టకండి. కొట్టే చోట బీడీ, దోమల చక్రం, పొయ్యి ఏవీ వెలగకూడదు, గాలి ఆడాలి. రంగు ఆరినా థిన్నర్ లోపలి నుంచి రోజుల తరబడి వస్తూనే ఉంటుంది కాబట్టి, పోర్టు దగ్గర ముక్కు పెట్టి చూసి వాసన పూర్తిగా పోయాకే స్పీకర్ బిగించండి.