సర్కిల్‌లో ఎడమ అంచు సేఫ్ అనుకునేవాళ్ల కోసం: అపోహలు, వాస్తవాలు

పోయిన వారం నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర మళ్లీ అదే జరిగింది. స్టీరింగ్ ముందు ఒక టీచరమ్మ, పక్క సీట్లో నేను. యాభై దాటాక నేర్చుకుంటున్న మనిషి, చాలా ఓపిక. మేం కుడి వైపు రోడ్డుకు తిరగాలి. ఆమె బండిని ఎడమ అంచుకు తెచ్చి, రెండో గేర్లో, అలాగే మూల పట్టుకుని సర్కిల్ చుట్టబోయారు. లోపలి నుంచి బయటికి దిగుతున్న ఆటో మా బానెట్‌కు జానెడు దూరంలో కోసుకుని పోయింది. నా వైపు బ్రేకు తొక్కాను.

"అదేంది సార్, నేను మూలకే పోతున్న కదా, ఎవరికి అడ్డమొచ్చిన?" అన్నారు. చేతులు వణుకుతున్నాయి.

డ్రైవింగ్ నేర్పడం మొదలుపెట్టి 16 ఏళ్లు. ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. జాగ్రత్తగా ఉండాలనుకునేవాళ్లే, భయపడేవాళ్లే ఎక్కువగా ఈ తప్పు చేస్తారు. అందుకే నాకు బాధ.

అపోహ: ఎడమ అంచున మెల్లగా పోతే ఎవరికీ అడ్డం రాము

ఈ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. నార్కట్‌పల్లి నుంచి సూర్యాపేట దాకా హైవే మీద మెల్లగా పోయే బండి ఎడమకు ఉండాలి. అది సరైనదే. తిన్నటి రోడ్డు మీద మీ ఎడమ పక్కకు దిగిపోయేవాళ్లు అరుదు. సర్కిల్‌లో అలా కాదు. అక్కడ తిరిగే ప్రతి బండీ చివరికి ఎడమకే దిగుతుంది. వేరే దారి లేదు. అంటే మీరు సేఫ్ అనుకుని పట్టుకున్న ఆ ఎడమ అంచు, అందరూ బయటికి పోయే గుమ్మం. గుమ్మంలో మెల్లగా నడిస్తే ఏమవుతుంది?

మా దగ్గరికి వచ్చేవాళ్లకు నేను దీన్ని నేల మీద చూపిస్తాను. గచ్చు మీద చాక్‌పీసుతో పెద్ద సున్నా, మధ్యలో చిన్న సున్నా, నాలుగు రోడ్లు. కార్లకు బదులు అగ్గిపెట్టెలు. క్లాక్ టవర్ ఊళ్లో ఉండటం మనకు మంచిదయింది, ఎందుకంటే గడియారం లెక్కే సరిపోతుంది. మీరు 6 అంకె దగ్గర లోపలికి వస్తున్నారనుకోండి. ఎడమ రోడ్డు 9, నేరు రోడ్డు 12, కుడి రోడ్డు 3. యూటర్న్ అంటే మళ్లీ 6. గడియారం ముల్లు ఎటు తిరుగుతుందో మన బండ్లూ అటే తిరుగుతాయి.

ఇప్పుడు మీరు కుడి రోడ్డుకు, అంటే 3కు పోవాలి. ఎడమ అంచు పట్టుకున్నారు. 9 దగ్గరికి వచ్చేసరికి ఆ రోడ్డు నుంచి లోపలికి రావాలని ఆగినవాడు మిమ్మల్ని చూస్తాడు. అంచున ఉన్నారు కాబట్టి ఇక్కడే దిగిపోతారు అనుకుని బండి ముందుకు తోస్తాడు. మీరు దిగరు. అది దాటి 12 దగ్గరికి వచ్చారు. మీతోపాటే, మీ కుడి పక్కన లోపలికి వచ్చిన కారు నేరుగా పోవాలి, కాబట్టి ఎడమకు దిగుతుంది. మీరు మాత్రం అతని ముందు నుంచి అడ్డంగా 3 వైపు సాగుతున్నారు. రెండు అగ్గిపెట్టెల దారులూ అక్కడ కత్తెర పడతాయి. గచ్చు మీద ఇది చూశాక మాట్లాడకుండా కాసేపు అలాగే కూర్చునేవాళ్లు ఉన్నారు.

మెల్లగా పోతున్నామన్నది ఇక్కడ కాపాడదు. మెల్లగా పోయే కొద్దీ ఆ గుమ్మాల్లో ఎక్కువ సేపు ఉంటారు.

దీని గురించి ఇంత గట్టిగా చెప్పడానికి నా దగ్గర కారణం ఉంది. 11 ఏళ్ల కింద ఒక నర్సమ్మకు స్కూటీ నేర్పాను. నైట్ డ్యూటీలకు ఆటో దొరకడం లేదని నేర్చుకుంది. చాలా భయస్తురాలు. ఆ భయం పోగొట్టడానికి, నాకు నేర్పినవాళ్లు చెప్పిన మాటే ఆమెకూ చెప్పాను: "సర్కిల్ వస్తే ఎడమ అంచు పట్టుకో అమ్మా, ఏం కాదు." రెండు నెలలకు ఫోన్ వచ్చింది. కుడికి తిరగడానికి అంచున చుట్టి వస్తుంటే, లోపలి నుంచి దిగుతున్న డీసీఎం వ్యాన్ వెనక చక్రానికి తగిలింది. కాలర్ బోన్ విరిగింది. చూడటానికి పోయాను. మంచం మీద పడుకుని ఉంది. "మీరు చెప్పినట్టే పోయిన సార్, మూలకే పోయిన," అంది. కోపంగా అనలేదు. ఎక్కడ తప్పు జరిగిందో అర్థం కాక అడిగింది.

ఆ రోజు తర్వాత ఆ మాట నా నోట రాలేదు. ఇంకెవరైనా చెబుతుంటే ఆపుతాను.

మరి ఎలా పోవాలి?

ఎడమ రోడ్డుకైతే ఎడమ లేన్, ఎడమ ఇండికేటర్, అంతే. నేరుగా పోవాలన్నా మామూలుగా ఎడమ లేనే. రోడ్డు మీద బాణాలు గీసి కుడి లేన్ నుంచి కూడా నేరుగా పోవచ్చని చూపిస్తే అదీ వాడుకోవచ్చు. నేరుగా పోయేవాళ్లు లోపలికి వచ్చేటప్పుడు ఇండికేటర్ వేయక్కర్లేదు. 9 రోడ్డు దాటాక ఎడమ ఇండికేటర్ వేయాలి, నేను తర్వాతి దాంట్లో దిగుతున్నా అని చెప్పడానికి.

కుడికి గానీ యూటర్న్‌కు గానీ అయితే సర్కిల్ ఇంకా రాకముందే కుడి లేన్‌లోకి మారాలి. అద్దం చూసుకుని, కుడి ఇండికేటర్ వేసుకుని, సర్కిల్‌కు దగ్గరగా లోపలి లేన్‌లో తిరగాలి. కుడి రోడ్డుకైతే 12 దాటగానే, యూటర్న్‌కైతే 3 దాటగానే ఇండికేటర్ ఎడమకు మార్చాలి. ఎడమ అద్దం చూడాలి. అద్దం చాలదు, ఎడమ భుజం మీదుగా ఒకసారి వెనక్కి కూడా చూడాలి, ఎందుకంటే టూ వీలర్ అద్దంలో పడని చోటే ఉంటుంది. ఖాళీ ఉంటే దిగాలి.

ఖాళీ లేకపోతే? ఇక్కడే చాలామందికి టెన్షన్. దిగాల్సిన రోడ్డు దాటిపోతుందేమో అని లోపలి లేన్ నుంచి ఒక్కసారిగా కోసేస్తారు. ఆ నర్సమ్మ తప్పుకు ఇది రెండో వైపు. ఆ డీసీఎం డ్రైవర్ కూడా పక్కకు చూడకుండా దిగాడు. ఖాళీ లేకపోతే దిగకండి. ఇంకో చుట్టు తిరగండి. మహా అయితే ఒక నిమిషం, నాలుగు చుక్కల పెట్రోలు. టీచరమ్మ చేత ఆ రోజే వరసగా మూడు చుట్లు తిప్పించాను, ఎక్కడా దిగకుండా, రోడ్లను బయటికి లెక్కపెడుతూ: "ఒకటి, రెండు, మూడు." మూడో చుట్టుకు గొంతులో వణుకు తగ్గింది.

అపోహ: పెద్ద రోడ్డు మీద వచ్చేవాడు ఆగక్కర్లేదు, పెద్ద బండికే దారి

ఇది వాట్సాప్‌లో కూడా తిరుగుతోంది. పూర్తిగా తప్పు. 2017లో వచ్చిన మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనల ప్రకారం సర్కిల్‌లో ఇప్పటికే తిరుగుతున్న బండికే ముందు హక్కు. బయటి నుంచి వచ్చేవాళ్లు కుడి వైపు చూసి, వాళ్లకు దారి ఇచ్చి, ఖాళీ దొరికాకే లోపలికి రావాలి. అది బస్సయినా, లారీ అయినా, సైకిల్ మోటారయినా.

ఇందులో ఎవరినో గొప్ప చేయడం లేదు. లోపలికి వచ్చేవాడికి ముందు హక్కు ఇస్తే సర్కిల్ నిండిపోతుంది, లోపల ఉన్నవాడు బయటికి దిగలేడు, అన్నీ ఒకదానికొకటి తోక పట్టుకుని బిగుసుకుపోతాయి. బ్రిటన్‌లో సర్కిళ్లు ఇలాగే బిగుసుకుపోతుంటే 1966లో లోపలి బండికి దారి ఇవ్వాలన్న నియమం పెట్టారు. వరి కోతల సీజన్‌లో ధాన్యం ట్రాక్టర్లు వరస కట్టినప్పుడు మన సర్కిళ్లు ఎలా బిగుస్తాయో మీరూ చూసే ఉంటారు. సిగ్నల్ పని చేస్తుంటే మాత్రం సిగ్నల్ మాటే వినాలి, పోలీసు నిలబడి ఉంటే ఆయన చేయి మాట.

అపోహ: నాలుగు ఇండికేటర్లు వేస్తే నేరుగా పోతున్నట్టు

ఎవరు మొదలుపెట్టారో గానీ ఊరంతా పాకింది. దయచేసి మానేయండి. మీ కుడి పక్కన ఉన్నవాడికి మీ కుడి లైట్ ఒక్కటే కనిపిస్తుంది, కుడికి తిరుగుతారనుకుంటాడు. ఎడమ పక్కవాడికి ఎడమ లైట్ ఒక్కటే కనిపిస్తుంది. ఇద్దరికీ తప్పు చెప్పినట్టు. ఆ లైట్లు బండి చెడిపోయి ఆగినప్పుడు.

అపోహ: గీతలు లేవు కాబట్టి లేన్లు లేవు

మన ఊళ్లలో చాలా సర్కిళ్లకు గీతలు చెరిగిపోయాయి, నిజమే. రెండు కార్లు పక్కపక్కన పట్టే వెడల్పు ఉంటే అక్కడ రెండు లేన్లు ఉన్నట్టే అనుకోవాలి. ఒక్క బండే పట్టే చిన్న సర్కిల్ అయితే మధ్యలో పోవాలి, పక్కన దూరేవాడికి సందు ఇవ్వకూడదు.

స్కూటీకి, బైకుకు లేన్ రూల్ లేదన్న మాట కూడా వింటుంటాను. ఉంది. సైకిల్ తొక్కేవాళ్లకు, మరీ పెద్దవాళ్లకు మాత్రం నేను వేరేగా చెబుతాను: దిగి, ఫుట్‌పాత్ మీదుగా నడిపించుకుని పోండి.

టూ వీలర్ వాళ్లకు ఇంకొక్కటి. సర్కిల్‌లో బస్సుకు, లారీకి ఎడమ పక్కన దూరకండి. పొడుగు బండి ఎడమకు దిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల బాటలో రావు, ఇంకా లోపలికి, మీ వైపుకు కోసుకుని వస్తాయి. డ్రైవర్ క్యాబిన్‌కు ఆ మూల కనిపించదు. మిర్యాలగూడ రోడ్డులో బియ్యం లోడ్ లారీల పక్కన కాలేజీ పిల్లలు అలా దూరుతుంటే నా గుండె ఆగినంత పనవుతుంది. వెనకాలే ఆగండి. లారీ దిగిపోయాక పోండి.

అపోహ: కొంచెం దూరమే కదా, కుడి నుంచే తిరిగిపోతే ఏం?

చుట్టు తిరగడం బద్ధకమై ఎదురుగా కోసేవాళ్ల గురించి ఇది. లోపలికి వచ్చేవాళ్లంతా కుడి వైపు చూస్తుంటారు, వాళ్ల కళ్లు అటే ఉంటాయి. మీరు ఎడమ నుంచి వస్తారు, చూసేవాడే ఉండడు. 2019 సవరణలో ట్రాఫిక్‌కు ఎదురుగా నడపడాన్ని 184వ సెక్షన్ కింద ప్రమాదకర డ్రైవింగ్‌లో చేర్చారు. జరిమానా సంగతి పక్కన పెట్టండి. వెనక సీట్లో పిల్లను కూర్చోబెట్టుకుని అలా కోసే తండ్రులను రోజూ చూస్తున్నాను.

భయం ఉన్నవాళ్లు ఆదివారం పొద్దున ఆరింటికి రండి. బస్సులు, ఆటోలు పలచగా ఉంటాయి. మొదటి రెండు చుట్లు పక్క సీట్లో కూర్చుని రోడ్లు మాత్రం లెక్కపెట్టండి, బండి నేను నడుపుతాను. తర్వాత సీట్లు మారదాం. టీచరమ్మ ఈ ఆదివారం మళ్లీ వస్తానన్నారు. లోపలి లేన్‌లో కుడికి తిరగడం, రెండో రోడ్డు దాటాక ఎడమ ఇండికేటర్, భుజం మీదుగా ఒక చూపు, ఈ మూడూ ఆమె నేను చెప్పకుండా చేసే దాకా తిప్పుతాను.