ముసురు రోజుల్లో ఇంటి గింజ

2023 జులై 27న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. ఆ వారం హన్మకొండ, వరంగల్‌లలో ఎన్నో కాలనీలు నీట మునిగాయి. మా వీధి కొంత ఎత్తు మీద ఉండటం వల్ల ఇంట్లోకి నీళ్లు రాలేదు గానీ, ఐదు రోజులు కూరగాయల బండి రాలేదు, పాలు రాలేదు, కిరాణా దుకాణం తెరవలేదు. ఇంట్లో ఉన్నదే వండుకున్నాం. అటక మీది డబ్బాలు ఒక్కొక్కటీ దించి మూత తీసినప్పుడు, ఇంట్లో ఎంత ఉన్నదో లెక్క కట్టడం కంటే ఉన్నది ఎలా ఉన్నదో తెలుసుకోవడమే కష్టమని నాకు అర్థమైంది.

ఎంత అన్న లెక్క సులువుగానే తేలుతుంది. నలుగురున్న ఇంట్లో మనిషికి రోజుకు 400 గ్రాముల బియ్యం వండితే 25 కిలోల సంచి పదిహేను రోజులు వస్తుంది. ఆ బియ్యం నుంచి మనిషికి సుమారు 1,400 కిలో కేలరీలు, 75 గ్రాముల పప్పు నుంచి 250, 30 గ్రాముల నూనె నుంచి 270 అందుతాయి. ముసురు పట్టి ఇంటిపట్టున కూర్చున్న మనిషికి ఈ 1,900 పైచిలుకు కొద్ది రోజులకు సరిపోతుంది.

ఇక గింజ స్థితి సంగతి. అది ముందుగా నీటి మీద ఆధారపడుతుంది. ఒక పదార్థంలో మొత్తం నీరు ఎంత ఉన్నదన్నది సూక్ష్మజీవికి ముఖ్యం కాదు, అందులో తనకు అందే నీరు ఎంతన్నదే ముఖ్యం. దీన్నే నీటి క్రియాశీలత అంటారు. స్వచ్ఛమైన నీటికి దాని విలువ 1. ఆహారాన్ని పాడుచేసే బ్యాక్టీరియాలో ఎక్కువ భాగానికి 0.91 పైన ఉండాలి, బూజులు 0.7, 0.8 దగ్గర కూడా పెరుగుతాయి, 0.6 కన్నా తగ్గితే ఏ సూక్ష్మజీవీ పెరగదు. మామిడికాయ తొక్కు ఏడాది నిలవడానికి కారణం కొంతవరకు ఇదే. ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది, కాయలోని పులుపు బ్యాక్టీరియాను ఎదగనివ్వదు, పైన తేలే నూనె గాలిని ఆపుతుంది. తొక్కు గురించి ఇంతకంటే బెంగ అక్కర్లేదు, తడి గరిటె పెట్టకపోతే చాలు.

గింజలకు అలాంటి కాపు లేదు. అవి చుట్టూ ఉన్న గాలితో తేమను ఇచ్చిపుచ్చుకుంటూనే ఉంటాయి. మే నెల ఎండలో గలగలలాడిన బియ్యం, గాలిలో తేమ 80 శాతం దాటే ఆషాఢ శ్రావణాల్లో మూత సరిగా లేని డబ్బాలో ఉంటే, 15 శాతం పైగా తేమను తెచ్చుకుంటాయి. మక్కలు, పెసర్లు, ఒడ్లు ప్రాణమున్న గింజలు కాబట్టి శ్వాసిస్తాయి కూడా. తేమ పెరిగిన కొద్దీ ఆ శ్వాస వేగమవుతుంది, దాని నుంచి వేడీ ఇంకొంత నీరూ పుడతాయి. మక్కల బస్తాలో మోచేతి దాకా చెయ్యి పెట్టినప్పుడు లోపల వెచ్చగా తగిలితే పాడవడం మొదలైందనే అర్థం. మార్కెట్‌లో మక్కల తేమ 14 శాతం దాటిందా అని మీటరు పెట్టి చూసేది ఇందుకే.

తడిసిన మక్కలను తేలిగ్గా తీసుకోకూడదు. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గిరిజన గ్రామాల్లో, వానకు తడిసి బూజు పట్టిన మక్కలు తిన్నవారికి కామెర్లు వచ్చి 100 మందికి పైగా చనిపోయారు. ఆ బూజు వదిలే అఫ్లాటాక్సిన్ అనే విషం మామూలు వంట వేడికి పోదు. కడిగి ఎండబెట్టినా, వేయించినా నమ్మడానికి లేదు. ముడుచుకుపోయిన, రంగు మారిన పల్లీలకూ ఇదే వర్తిస్తుంది. ఆ ఐదు రోజుల్లో మా ఇంట్లో పారబోసింది పల్లీల డబ్బా ఒక్కటే. దానికి నేను బాధపడలేదు.

పురుగు కథ వేరు. బియ్యంలో కనిపించే ముక్కు పురుగు ఆడది గింజకు చిన్న రంధ్రం చేసి, అందులో ఒక గుడ్డు పెట్టి, జిగురుతో మూసేస్తుంది. లార్వా గింజలోనే తిని, గింజలోనే పెరిగి, మన వాతావరణంలో నెల, నెలన్నర తర్వాత పురుగై బయటికి వస్తుంది. అంటే మన కంటపడిన పురుగు నెల కిందటి సంగతి చెబుతున్నదన్నమాట. పెసర్లు, బొబ్బెర్లను తినే పుచ్చు పురుగు గుడ్డును గింజ పైనే అంటిస్తుంది. నాలుగు పెసర్లు అరచేతిలో పోసుకుని కిటికీ వెలుగులో తిప్పి చూస్తే, ఆకుపచ్చ పొట్టు మీద ఆవగింజ కన్నా చిన్న తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. మా అమ్మ కిలో పెసర్లకు ఒక చెంచా ఆముదం రాసి ఉంచేది. కిలోకు 5 మిల్లీలీటర్ల నూనె చాలని పరిశోధకులూ తేల్చారు, ఆ పలుచటి పొర గుడ్డుకు గాలి అందకుండా చేసి లోపలి పిండాన్ని చంపుతుంది. వేపాకు వేయడం కూడా మంచిదే గానీ పచ్చిది వేస్తే తేమను మనమే లోపల పెట్టినట్టు, నీడన బాగా ఎండినదే వేయాలి.

పిండ్లను మాత్రం అన్నిటికన్నా ముందు వాడెయ్యాలి. గింజగా ఉన్నప్పుడు వేర్వేరు చోట్ల ఉండే కొవ్వు, దాన్ని విడగొట్టే ఎంజైములు మరలో పడగానే కలిసిపోతాయి. సజ్జపిండి వారం పది రోజులకే చేదెక్కేది అందువల్లనే.

కడుపు నిండినంత మాత్రాన ఒంటికి అన్నీ అందినట్టు కాదు. దక్కన్‌లో జొన్న మీదే బతికిన పేద కుటుంబాల్లో పెల్లాగ్రా కనిపించేది. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పగలడం, విరేచనాలు, మతి తప్పడం దాని లక్షణాలు. హైదరాబాద్‌లోని ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థలో పనిచేసిన సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా, జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం, ఏ విటమిన్ లోపిస్తే ఈ జబ్బు వస్తుందో ఆ నియాసిన్ శరీరంలో తయారు కాకుండా అడ్డుపడుతుందని 1960లో ప్రతిపాదించారు. జొన్న గటకతో (జొన్న రవ్వతో వండే సంకటితో) పాటు పప్పో పాలో ఉన్న ఇంట్లో ఆ జబ్బు రాదు. ఐదు రోజులకు ఈ భయం లేదు, నెలల తరబడి ఒకే గింజ మీద బతికినవారికి ఉండేది.

కూరగాయలు లేని ఇంట్లో త్వరగా తరిగిపోయేది విటమిన్ సి. ఎండు గింజల్లో అది దాదాపు ఉండదు. మొదటి ప్రపంచ యుద్ధంలో మెసొపొటేమియాలో (ఇప్పటి ఇరాక్‌లో) మన సైనికులు విటమిన్ సి లోపంతో వచ్చే స్కర్వీ పాలైన కాలంలో, లండన్‌లోని లిస్టర్ సంస్థలో హారియెట్ చిక్, మార్గరెట్ హ్యూమ్ మొలకెత్తించిన పప్పు గింజలు ఆ జబ్బును ఆపుతాయని 1917లో చూపించారు. గింజ మొలకెత్తేటప్పుడు అంతకు ముందు లేని విటమిన్ సిని తనే తయారుచేసుకుంటుంది.

మూడో రోజు సాయంత్రం ఆముదం రాసిన పెసర్లలోంచి రెండు గుప్పెళ్లు కడిగి నానబెట్టాను. మరునాడు నీళ్లు వంపి తడి గుడ్డలో మూటగట్టాను. ఐదో రోజు పొద్దున మూట విప్పితే చిటికెన వేలి గోరంత తెల్లని మొలకలు వచ్చి ఉన్నాయి. మొలవనివి పద్దెనిమిది గింజలు. ఒక్కొక్కటీ తిప్పి చూశాను, పదకొండింటికి పుచ్చు రంధ్రం ఉన్నది.