అవగాహన లేక కాదండీ!

చెన్నైలో సంక్షేమ పథకాల మీద పనిచేస్తూ పదకొండేళ్లయింది. ఏ మీటింగుకెళ్లినా ఒకటే పాట: "జనానికి అవగాహన లేదు, అవగాహన కల్పించాలి." వెంటనే ఓ బ్యానరు, ఓ కరపత్రం, మైకు కట్టిన ఓ ఆటో. బిహేవియరల్ ఎకనామిక్స్ (మనుషులు నిజజీవితంలో నిర్ణయాలు ఎలా తీసుకుంటారో చూసే శాస్త్రం) అంటే ఇదే అనుకునేవాళ్లూ ఉన్నారు!

అపోహ: తెలియక రావట్లేదు, తెలిస్తే వస్తారు.

వ్యాసర్పాడిలో ఇళ్లలో పనిచేసుకునే ఒకావిడ ఉంది, మన తెలుగావిడే. భర్త పోయాక వచ్చే పింఛను గురించి నాకంటే ఆవిడకే బాగా తెలుసు. కాగితాలన్నీ ప్లాస్టిక్ కవర్లో మడతపెట్టుకుని తిరుగుతుంది. మొదటిసారి వెళితే డెత్ సర్టిఫికెట్ జిరాక్స్ లేదన్నారు. రెండోసారి ఆధార్‌లో పేరు ఒకలా, రేషన్ కార్డులో ఇంకోలా ఉందన్నారు. మూడోసారి సారు భోజనానికెళ్లారు. వెళ్లిన ప్రతిసారీ ఓ పూట జీతం కోత. "ఇంక వద్దులే అన్నా" అంది. మన లెక్కల్లో మాత్రం ఆవిడ 'ఆసక్తి చూపలేదు'.

మేమేం తక్కువ తినలేదు. తెలుగు కుటుంబాల కోసమని ఒకసారి తెలుగులో కరపత్రాలు వేయించాం. ఇంట్లో తెలుగే, చదువు మాత్రం తమిళ మీడియం. ఓ పిల్లాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "ఇది కన్నడమా అంకుల్?" అన్నాడు.

వాస్తవం: చాలామంది ఆగిపోయేది తెలియక కాదు, తిరగలేక. రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ పల్లెల్లో ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం చేసిన టీకాల ప్రయోగం 2010లో వెలువడింది. మామూలుగా వదిలేసిన ఊళ్లలో అన్ని టీకాలూ పడిన పిల్లలు 6 శాతం. ఊళ్లోనే క్రమం తప్పకుండా క్యాంపు పెడితే 18. దానికి తోడు టీకాకో కిలో పప్పు, అన్నీ పూర్తయ్యాక భోజనం కంచాలు ఇస్తే 39. ఇదేమీ మంత్రం కాదు, సగానికి కూడా చేరలేదు. కానీ 6 ఎక్కడ, 39 ఎక్కడ!

"పేదలకు ముందుచూపు ఉండదు" అనేవాళ్లకు తమిళనాడులోని విళుప్పురం, తిరువణ్ణామలై చెరకు రైతుల సంగతి చెబుతుంటాను. 2013లో వచ్చిన అధ్యయనం. కోతకు ముందు, చేతిలో డబ్బు ఆడనప్పుడు, బుర్రకు పెట్టిన పరీక్షల్లో తక్కువ మార్కులు. కోత డబ్బులొచ్చాక ఎక్కువ. అదే రైతు, అదే బుర్ర.

ఇంకో అపోహ: ఖాతాలో డబ్బు కట్ అయిందంటే బ్యాంకు అడక్కుండా కోసేసినట్టే. మే నెలాఖరైతే నాకు ఫోన్లే ఫోన్లు. కేంద్ర ప్రభుత్వ పథకాలు సురక్షా బీమాకి (ప్రమాద బీమా) 20, జీవన్ జ్యోతికి (జీవిత బీమా) 436 రూపాయలు కట్ అవుతాయి. 'బ్యాంకు దోపిడీ' అంటూ వాట్సాప్‌లో తిప్పేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. భయపడేవాళ్లను మాత్రం ఏమీ అనలేను, ఖాతాలో 500 ఉన్నవాళ్లకు 436 చిన్న సంగతా? ఎప్పుడో సంతకం పెట్టి ఉంటే ఏటా దానంతటదే కట్ అవుతుంది. గుర్తులేదా, బ్రాంచిలో ఆ కాగితం చూపించమనండి. వద్దనుకుంటే ఆపేయమని రాసివ్వండి. అసలు టెన్షన్ పడాల్సింది కట్ కానప్పుడు: ఖాతాలో డబ్బు లేకపోతే బీమా ఆగిపోతుంది.

నడ్జ్ (బలవంతం లేకుండా మంచి నిర్ణయం వైపు మెల్లగా నెట్టే చిన్న ఏర్పాటు, గుర్తుచేసే మెసేజ్ లాంటిది) ఉంటే బడ్జెట్ అక్కర్లేదన్నది మరో అపోహ. ఆసుపత్రిలో మందే లేనప్పుడు ఎంత ముద్దుగా మెసేజ్ పంపి ఏం లాభం?

వ్యాసర్పాడి ఆవిడ పేరు తేడా ఇంకా తేలలేదు. మంగళవారం నేనే తోడు వెళ్తున్నాను, జిరాక్స్‌లు రెండేసి తీయించాం. సారు భోజనానికెళ్లే టైమ్ కూడా కనుక్కున్నాం.